మందంటే ఏంది, మూకంటే ఎవలు?

పోయిన యాసంగిల మా మండలంల వడ్లు తడిసినయి. సెంటర్ల కాంటా పెడ్తలేరని రైతులం పోయి ఆఫీసు ముంగట కూసున్నం. సారు బయటికి రాకుంటే వరండాలకు పోయి అడిగినం. ఒక్క కుర్చీ ఇరుగలే, ఒక్క అద్దం పగుల్లే. తెల్లారి ఒక పేపర్ల వార్త అచ్చయింది. "కార్యాలయంలోకి చొరబడ్డ అల్లరి మూక" అని పైన పెద్ద అక్షరాలు. చాయ్ హోటల్ కాడ నేను ఆ వార్త సదివి వినిపిస్తుంటే, మాతోని వచ్చి ఎండల కూసున్న కురుమ తాత ఒకాయన అడిగిండు.

"మూక అంటే ఎవలు కొడుకా? మనమేనా?"

"మనమే తాతా."

"నా గొర్లను సుత మంద అంటరు గదరా. మూక అనరు గద" అన్నడు.

అందరు నవ్విన్రు. తాత నవ్వలే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. నలభై ఏండ్లు దాటినయి, ఇరవై ఏండ్ల సంది కరపత్రాలు రాస్తున్న, గని గుంపులకు మనం పెట్టుకున్న పేర్ల గురించి ఎన్నడూ కూసొని ఆలోచించలే. అప్పటిసంది ఏరుకుంట వచ్చిన మాటలు ఇవి. కొన్ని పసుల కాడ నేర్సుకున్నయి, కొన్ని కూలోళ్ల నోట విన్నయి, కొన్ని పాత పుస్తకాలల్ల దొరికినయి. తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీకు పనికొస్తయని ఒక్కకాడ పెడుతున్న.

మంద: కాపరి ఉన్న మాట

మంద అంటే ఒక్కకాడ మేసి, ఒక్కకాడ పండే జీవాలు. గొర్ల మంద, మేకల మంద, బర్ల మంద, ఆవుల మంద, పందుల మంద, బాతుల మంద. జింకలకు, కోతులకు సుత అప్పుడప్పుడు అంటరు గని, ఈ మాట అసలు బతుకు కాపరి ఎనకాలనే. మంద అన్నమంటే దాన్ని కాసేటోడు ఒకడున్నట్టు. పొద్దుగూకితే లెక్క చూసుకునేటోడు ఉన్నట్టు.

మంద లోపల సుత మాటలున్నయి. కట్టింది సూడి గొర్రె. కట్టనిది గొడ్డు గొర్రె. మగది పొట్టేలు. ఒక్కసారి ఈనిన పిల్లలు ఒక ఈత పిల్లలు. తొలి ఈత, రెండో ఈత అని తల్లి వయసు సుత ఈతలతోనే చెప్తరు. చిన్న పిల్లల్ని మేతకు తోలకుంట తడకల దొడ్డిల ఉంచుతరు. వంద గొర్లల్ల ఒక్కటి తప్పిపోతే, కాపరి "ఒకటి తక్కువున్నది" అని ఊకోడు. "నల్లమూతిది రాలే" అంటడు. దూరంకెళ్లి చూసే మనకు అన్నీ ఒక్కతీరుగనే కనవడుతయి. ఆయనకు ఒక్కోదానికి ఒక్కో మొకం.

రైతుకు, కాపరికి నడుమ ఒక ఒప్పందం ఉన్నది. దాన్నే "మంద పెట్టుడు" అంటరు. పంట కోసినంక ఖాళీ చేన్ల రాత్రిపూట మందను ఆపుతరు. ఎరువు భూమిల పడ్తది. రైతు వడ్లో పైసలో ఇస్తడు. ఎరువుల బస్తాల కోసం లైన్ల నిలబడే కాలంల సుత ఈ పద్ధతి ఇంకా ఉన్నది. అంటే మంద అనేది జీవాల లెక్క ఒక్కటే గాదు, ఇద్దరు మనుషుల నడుమ ఒప్పందం సుత.

పాత కావ్యాలల్ల ఆవుల మందకు ఆలమంద అని, కదుపు అని పేర్లున్నయి. తిక్కన రాసిన విరాటపర్వంల గోగ్రహణం అంటే ఆలమందను పట్టుకపోవుడే. దాని మీద యుద్ధమే అయితది. గొల్లలు పాడుకునే కాటమరాజు కథల, కరువొచ్చి ఆవుల్ని నెల్లూరు సీమకు తోలుకపోతే అక్కడి రాజు నల్లసిద్ధితోని పుల్లరి కాడ కయ్యమయితది. పుల్లరి అంటే పశువుల మేతకు కట్టే పన్ను. 1921ల పల్నాడు రైతులు గా పుల్లరి కట్టమనే తెల్లోళ్ల సర్కారు మీద తిరుగబడ్డరు. వాళ్లను నడిపిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిల తుపాకి గుండ్లకు బలయిండు. మంద చిన్న మాట గాదు. దాని మీద పన్నులున్నయి, నెత్తురున్నది.

ఎడ్లకు ఇంకో లెక్క. రెండు ఎడ్లు ఒక జత. కాని కిందికి వస్తే కాడి. మా నాయినోళ్ల కాలంల ఎవుసం ఎంత అని ఎకరాలల్ల అడగకపోదురు. "రెండు నాగండ్ల ఎవుసం" అంటే నాలుగు ఎడ్లు, పని చేసే చేతులు, దున్నే భూమి అన్నీ తెలిసిపోవు. ట్రాక్టర్ వచ్చినంక ఆ మాటను అడిగేటోడు లేడు.

ఇగ ఓటేసేటోళ్లను "గొర్రెల మంద" అని తిట్టుడు మన ఫేస్‌బుక్‌ల మస్తు నడుస్తది. తిట్టేటోడు ఎన్నడూ గొర్లు కాయలే. గొర్రె ముంగటిదాన్ని చూసి నడుస్తది, నిజమే. అందుకే కాపరి మందల రెండు మూడు మేకల్ని కలుపుతడు. మేక ధైర్యంగ ముంగట నడుస్తది, గొర్లు ఎనక నడుస్తయి. గొర్లు దగ్గర దగ్గర నడిచేది తెలివి లేక గాదు, తోడేలు భయానికి. తోడేలు ఒంటిగ దొరికినదాన్నే పడ్తది. జనం గుంపుగ నడిస్తే నవ్వే ముందు, వాళ్లు దేనికి భయపడుతున్నరో చూడాలె.

బారు, తుట్టె, దండు

బారు అంటే ఒకదాని ఎనక ఒకటి. చీమల బారు, కొంగల బారు, ఎడ్లబండ్ల బారు. ఎలక్షన్ల రోజు పేపర్లు సుత "ఓటర్లు బారులు తీరారు" అని రాస్తయి. బారుల ఉన్నప్పుడు జనం బుద్ధిమంతులు. బారు చెదిరితే అదే జనం మూక అయితది.

తేనెటీగలకు తుట్టె. తేనెతుట్టెను కదిలించినట్టు అంటం. తుట్టెల ఈగ, తేనె, మైనం, పిల్లలు అన్నీ కలిసే ఉంటయి. ఇల్లు, ఇంట్ల ఉండేటోళ్లు, రెండింటికి ఒక్కటే మాట.

దండు అంటే సైన్యం. మిడతల దండు అంటే పంటకు చావు. 2020ల మహారాష్ట్ర దాకా మిడతల దండు వస్తే మన ఆదిలాబాద్ దిక్కు జిల్లాలల్ల అధికారులు కావలి కాసిన్రు. ఎడారి మిడత గురించి తెలుసుకోవాల్సింది ఒకటున్నది. ఒంటిగ ఉన్నప్పుడు అది మామూలు మిడతనే, ఎవ్వరి జోలికి పోదు. వానలు పడి గుడ్లు మస్తు పగిలి, మేత తక్కువై ఒకదానికొకటి తాకుతుంటే దాని రంగు మారతది, నడక మారతది, అప్పుడు దండు కడ్తది. ఒక చదరపు కిలోమీటరు దండుల 4 కోట్ల నుంచి 8 కోట్ల దాకా మిడతలుంటయి. అంటే దండు పుట్టుకతోని రాదు. తిప్పలల్లకెళ్లి పుడ్తది.

అదే దండు చీమలకు పెడితే ధైర్యం మాట. ఆర్. నారాయణమూర్తి సినిమా పేరే "చీమలదండు". చిన్నోళ్లందరు ఒక్కటైతే అన్నట్టు. ఒక్కటే మాట, మిడతకు పెడితే తిట్టు, చీమకు పెడితే మెప్పు. మాటల ఏం లేదు, ఎవలకు ఎవలు పెడుతున్నరన్న కాడనే ఉన్నది అంత.

గుంపు అన్నిటికీ పనికొచ్చే మాట. కుక్కల గుంపు, పిట్టల గుంపు, ఏనుగుల గుంపు. ఏనుగుల గుంపును పెద్ద వయసు ఆడ ఏనుగు నడిపిస్తది. నీళ్లు ఏడున్నయో, ఏ తొవ్వ మంచిదో దానికి యాదికుంటది. 2024 ఏప్రిల్‌ల మహారాష్ట్రకెళ్లి ఆసిఫాబాద్ జిల్లాకొచ్చి ఇద్దరు రైతుల పానం తీసింది ఏనుగుల గుంపు గాదు. గుంపు నుంచి తప్పిపోయిన ఒంటరి ఏనుగు. మనం గుంపును చూసి భయపడుతం. గుంపు లేని ఏనుగే అప్పుడు ఆగమాగం అయింది.

మంది, నలుగురు, బలగం

ఇగ మనుషుల కాడికొద్దాం. తెలుగుల మనుషుల లెక్క వేరు, మిగతా లెక్క వేరు. రెండు బర్లు, మూడు గొర్లు అంటం. మనుషులకు ఇద్దరు, ముగ్గురు, నలుగురు అనాలె. పది బర్లు, గని పది మంది మనుషులు. మంది అనే మాట పశువులకు పెట్టం. మందకు, మందికి నడుమ తేడా ఒక్క గుడి అంతే, గని ఆ గుడి పెట్టినంకనే మనిషి అయితడు.

"మంది సొమ్ము", "మంది ఏమనుకుంటరు", "మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన". మంది అంటే మన ఇంటోళ్లు గాని అందరు. "నలుగురు" అంటే నాలుగు మనుషులు గాదు, సమాజం. "నలుగురిల నగుబాటు చేసినవ్" అంటే ఊరంత అని అర్థం. బలగం అంటే చుట్టపోళ్లు. చావుకు, పెండ్లికి వచ్చి నిలబడేటోళ్లు. 2023ల వచ్చిన "బలగం" సినిమా ఈ మాటను మల్ల అందరి నోట్లకు తెచ్చింది. బలం అనేది ఆ మాటలనే వినవడ్తది. పేదోనికి బ్యాంకు బాలెన్స్ గాదు, బలగమే బలం.

ఆటకు జట్టు, భజనకు మండలి, బాజాలకు మేళం, కథ చెప్పుటానికి బృందం. మీరేమో బ్యాచ్ అంటరు, గ్యాంగ్ అంటరు. దాంట్ల తప్పేం లేదు. ప్రతి కాలం దాని గుంపు మాటను అది తెచ్చుకుంటది.

తెలుగు వ్యాకరణంల ఇంకో సంగతి చూడున్రి. ఒక్క ఆడమనిషి వస్తే "వచ్చింది" అంటం. బర్రె వచ్చినా "వచ్చింది". మగోడైతే "వచ్చిండు". గని పది మంది ఆడోళ్లు వస్తే "వచ్చిన్రు", మగోళ్లతోని సమానం. ఒంటిగ ఉంటే ఆడమనిషికి బర్రెకు ఒక్కటే క్రియ, గుంపయితే మనిషి లెక్క. మర్యాదకు "వచ్చిన్రు" అని ఒక్కామెకు సుత అంటం గని, ఆ మర్యాద ఎవలకు దక్కుతదో మీకెరుకే. పొలంల పనిచేసే ఆమెకు దక్కదు.

గుంపు మేస్త్రి, ముఠా మేస్త్రి

పాలమూరు దిక్కు గుంపు అంటే కూలోళ్ల గుంపు. కరువు పల్లెలకెళ్లి మనుషుల్ని జమ చేసి, ముందుగాల అడ్వాన్సు ఇచ్చి, డ్యాముల కాడికి, కాలువల కాడికి, బిల్డింగుల కాడికి తోలుకపోయేటోడు గుంపు మేస్త్రి. దేశంల ఎన్ని పెద్ద కట్టడాల కింద పాలమూరు లేబర్ చెమట ఉన్నదో లెక్క లేదు. కంట్రాక్టరుకు కూలోని పేరు అక్కరలేదు, గుంపుల ఎంత మంది ఉన్నరన్నదే కావాలె. అడ్వాన్సు తీరేదాక గుంపుల నుంచి పోరాదు. వెట్టిచాకిరి నిషేధ చట్టం 1976ల వచ్చింది, వలస కూలీల చట్టం 1979ల వచ్చింది. అయినా ఈ పద్ధతి పోలే.

ఈ నడుమ గుంపు మేస్త్రి అనేది రాజకీయ నాయకుల తిట్ల సుత చేరింది. ఒకరినొకరు అనుకుంటుంటే చప్పట్లు కొడుతున్నరు. గుంపుల పోయి, పిల్లల్ని ఊర్ల ముసలోళ్ల కాడ ఇడిసి, పని కాడ గోడ కూలి సచ్చిపోయినోళ్ల ఇండ్లల్ల ఆ మాట ఎట్ల వినవడ్తదో చప్పట్లు కొట్టేటోళ్లు ఒక్కసారి యాది చేసుకోవాలె.

ఆంధ్ర దిక్కు ఇదే పనికి ముఠా అంటరు. మార్కెట్ల బస్తాలు మోసేటోళ్లు ముఠా కూలీలు. మన దిక్కు హమాలీలు. 1993ల చిరంజీవి సినిమా "ముఠామేస్త్రి" మీ నాయినలకు యాదికుంటది. అండ్ల ముఠా అంటే మూటలు మోసే జట్టు. గని వార్తలల్ల ముఠా అంటే ఏంది? దొంగల ముఠా, కిడ్నాప్ ముఠా, గంజాయి ముఠా. కష్టం చేసే జట్టుకున్న పేరే దొంగతనం చేసే జట్టుకు పెట్టిన్రు. దొంగలకు వేరే పేరే దొరకనట్టు.

తండా, గూడెం, గుంపు

తండా అంటే లంబాడోళ్ల ఊరు అని మనకెరుక. మొదట్ల అది ఊరు గాదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట దేశమంత తిరిగే బిడారు. మనుషులు, ఎడ్లు, సరుకు కలిసి నడిచే గుంపు. రైళ్లొచ్చినంక, ఉప్పు మీద సర్కారు పెత్తనమొచ్చినంక ఆ యాపారం సచ్చిపోయింది. తండా ఒక్కకాడ ఆగింది. నడిచే గుంపు పేరు ఊరి పేరయింది. 2018 పంచాయతీ రాజ్ చట్టంతోని తెలంగాణల 500 జనాభా దాటిన తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలయినయి. ఒక గుంపు మాట నడిచి నడిచి పంచాయతీ బోర్డు మీదికి ఎక్కింది.

భద్రాచలం దిక్కు పోతే కోయోళ్ల చిన్న పల్లెలకు గుంపు అనే పేరున్నది. ఇంటిపేరు పెట్టి ఫలానోళ్ల గుంపు అంటరు. ఆడ గుంపు అంటే వార్తలల్ల గుంపు గాదు. ఒక వంశం, దాని పొలం, దాని ఇండ్లు. వాళ్లకు వాళ్లు పెట్టుకున్న పేరది. మన గుంపు మాటలల్ల చానా తక్కువ మాటలకు ఉన్న అదృష్టం.

సంగం

1940లల్ల తెలంగాణ పల్లెలల్ల "సంగం" అంటే ఆంధ్ర మహాసభ. పుస్తకాలల్ల పెద్ద పేరు రాసినా, జనం సంగం అనే అన్నరు. వెట్టి చెయ్యం, దొరకు వంగం అన్నోళ్లు సంగపోళ్లు. అప్పటిదాక ఊర్ల కులానికొక గుంపున్నది గని, కులాలన్నీ కలిసి కూసునే గుంపుకు పేరు లేదు. 1946 జూలై 4న కడవెండిల ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు. కురుమోళ్ల బిడ్డ. ఇంటిపేర్లనే దొడ్డి ఉన్నది. దాని తర్వాత సంగం దళమయింది. దొర కండ్లల్ల వాళ్లు మూక, జనం కండ్లల్ల దళం. రెండు పేర్లు ఒక్కటే మనుషులయి.

ఇప్పుడు పల్లెల సంగం అంటే మహిళా సంగం. సంగం పైసలు, సంగం మీటింగు. పైన చెప్పిన వ్యాకరణం ఈడ యాది చేసుకోన్రి. ఒంటిగ బ్యాంకుకు పోతే "ఏం కావాలె నీకు" అన్న ఆఫీసరే, పది మంది సంగంగ పోతే కుర్చీ చూపెట్టిండని మా ఊరి ఆడోళ్లు చెప్తరు. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల సారా దుకాణం మూయించింది సుత ఆడోళ్ల గుంపే. వాళ్లను ఎవ్వరన్న మూక అన్నరో లేదో గని, చరిత్ర ఉద్యమం అన్నది.

1871: రెండు చట్టాలు

ఇంగ్లీషోళ్ల పాలనల 1871ల రెండు చట్టాలు వచ్చినయి. ఒకటి పశువుల చట్టం. చేన్ల పడ్డ పశువును బందెల దొడ్డిల కట్టేసి, జుర్మానా కడితెనే ఇడిసిపెట్టాలె. రెండోది నేరస్థ జాతుల చట్టం. తిరిగే జాతులను పుట్టుకతోనే నేరస్థులని పేరు రాసి, పోలీసు కాడ హాజరేయించుకోవాలె, ఊరు దాటితే పాసు చూపియ్యాలె. ఒకే ఏడాదిల తిరిగే పశువుకో దొడ్డి, తిరిగే మనిషికో దొడ్డి. పశువు జుర్మానా కడితె బయటికొస్తది. మనిషికి ఆ తొవ్వ సుత లేకపాయె.

ఈ రెండో చట్టం మద్రాసు రాష్ట్రానికి 1911ల వచ్చింది. దాని కింద ఎరుకలోళ్లను ఒక్కకాడికి తెచ్చి పెట్టిన ఊర్లల్ల స్టువర్టుపురం ఒకటి. అది ఇప్పుడు బాపట్ల జిల్లాల ఉన్నది. బుట్టలు అల్లుకుంట, ఉప్పు అమ్ముకుంట తిరిగిన జాతి. 1952ల ఆ చట్టం పోయింది. గని సినిమాలల్ల, వార్తలల్ల "స్టువర్టుపురం గ్యాంగ్" అనే మాట పోలే. ఆ ఊర్ల పుట్టి సదువుకొని నౌకరి చేసుకునే పిల్లగాడు సుత ఊరి పేరు చెప్పుటానికి ముందు ఎనక ఆలోచించాల్సిన గతి. చట్టం రద్దయితది, మాట రద్దుగాదు.

మూక

ఇగ తాత అడిగిన మాట. మూక అంటే పాత తెలుగుల సైన్యం, జనసమూహం అని సుత అర్థాలున్నయి. "మూకుమ్మడిగ రాజీనామా" అన్నప్పుడు అండ్ల ఉన్నది గా మూకనే. ఇంట్ల పిల్లలు అల్లరి చేస్తే "పిల్లమూక" అని ముద్దుగ అంటరు. గని పేపర్ల మూక ఒంటిగ రాదు. అల్లరి మూక, రౌడీ మూక, మూకదాడి.

మూకదాడి అబద్ధం గాదు, అది నేను ఒప్పుకుంట. 2018 మే నెలల పిల్లల్ని ఎత్తుకపోయే ముఠా దిగిందని వాట్సాప్‌ల పుకార్లొచ్చినయి. "పార్థీ గ్యాంగ్" అని ఒక సంచార జాతి పేరే పెట్టి తిప్పిన్రు. మన తెలంగాణల, ఆంధ్రల అమాయకుల్ని కట్టేసి కొట్టిన్రు, పానాలు సుత పోయినయి. బిచ్చమెత్తుకునేటోళ్లు, మతి సరిగ లేనోళ్లు, భాష రాని బయటి రాష్ట్రపోళ్లు. గా పొద్దు గద్వాల జిల్లా పోలీసులు జానపద కళాకారుల్ని ఊర్లకు తోలి, ఇదంత ఉత్తదని పాటలు కట్టించి పాడిచ్చిన్రు. పుకారుకు మందు లాఠీ ఒక్కటే గాదు, డప్పు సుత అని చూపెట్టిన్రు.

ఈ కథల ముఠా ఏది, మూక ఏది? వాట్సాప్ చెప్పిన ముఠా లేనే లేదు. ముఠా వచ్చిందని భయపడ్డోళ్లే మూకయిన్రు. మిడత కథ యాది చేసుకోన్రి.

చట్టం లెక్క ఇట్లుంటది. ఐదుగురు లేకుంటే అంతకన్న ఎక్కువ మంది, చట్టం కాదన్న పని కోసం కూడితే అది చట్టవిరుద్ధ సమావేశం. పాత శిక్షాస్మృతిల 141 సెక్షన్, 2024 జూలై 1 సంది వచ్చిన భారతీయ న్యాయ సంహితల 189. కులం, జాతి, భాష, పుట్టిన ఊరు అసొంటి కారణాలతోని ఐదుగురు అంతకన్న ఎక్కువ కలిసి మనిషిని సంపితే 103 సెక్షన్ రెండో ఉపసెక్షన్ కింద అందరికీ ఉరి గాని, యావజ్జీవం గాని. ఇది మంచిదే. గని మనం ఎరుక పెట్టుకోవాల్సింది ఒకటి: ఐదుగురు కూడుడే నేరం గాదు. వాళ్ల ఉద్దేశం ఏందన్నదే నేరమా గాదా అని చెప్తది. మా వడ్ల ధర్నాల ఐదుగురి కన్న ఎక్కువనే ఉన్నం. మా ఉద్దేశం కాంటా.

సర్కారు పేర్లు

2017 జూన్‌ల గొర్ల పంపిణీ మొదలయింది. 20 గొర్లు, 1 పొట్టేలు కలిపి సర్కారు పెట్టిన పేరు "యూనిట్". యూనిట్ ఖరీదు అప్పట్ల 1 లక్షా 25 వేలు. తాతను అడిగితే "21 తెస్తే మంద గాదు కొడుకా, ఒకదానినొకటి ఎరుగంది మందెట్లయితది" అన్నడు. బయటి రాష్ట్రంకెళ్లి తెచ్చిన గొర్లు కొత్త నీళ్లకు, కొత్త మేతకు అలవాటు పడాలె. యూనిట్ కాగితం మీద తయారయితది. మంద ఏండ్లు పడ్తది.

మనుషులకు సుత ఇసొంటి పేర్లే. లబ్ధిదారులు, ఓటు బ్యాంకు, టార్గెట్ గ్రూపు. ఊర్లల్ల "అభివృద్ధి కమిటీ" అని సల్లని పేరు పెట్టుకొని, మాట వినని కులాన్ని వెలేసి, చాయ్ పొయ్యొద్దు, కూలికి పిలువొద్దు అని జుర్మానాలేసిన సంగతులు ఉత్తర తెలంగాణల ఎన్నోసార్లు వార్తలకెక్కినయి. ఆడ కమిటీ అన్నరు గని మూక అనలే. వడ్ల కాంటా అడిగినోళ్లు మూక, మనిషిని వెలేసినోళ్లు కమిటీ.

మన చేతిల ఉన్నది

మీ ఫోన్ల ఎన్నో గ్రూపులున్నయి. గ్రూపు సుత గుంపు మాటనే. అండ్ల ఏదన్న వార్త పడ్డప్పుడు, షేర్ కొట్టే ముందు గుంపు మాట దగ్గర ఆగున్రి. ముఠా అని ఉంటే, ఎంత మంది, ఏ కేసు, ఎవలు చెప్పిన్రు అని అడుగున్రి. జాతి పేరు పక్కన గ్యాంగ్ అని ఉంటే, దాన్ని ఆపేసుడే మంచిది. మూక అని ఉంటే, వాళ్లు ఏం అడగపోయిన్రో అండ్ల రాసిండ్రా అని చూడున్రి.

ఇంకో పని సుత చెయ్యున్రి. మీ ఊర్ల ముసలోళ్లను అడిగి మాటలు రాసి పెట్టున్రి. నాట్లేసే ఆడోళ్ల గుంపుకు మీ దిక్కు ఏమంటరు? చెరువుల వలేసేటోళ్లు చేపల గుంపును ఏమంటరు? మా దిక్కు మాట మీకు తెల్వకపోవచ్చు, మీ దిక్కుది నాకు తెల్వది. డిక్షనరీలల్ల లేనియే ఎక్కువుంటయి.

మా వడ్ల ముచ్చట చెప్పి ముగిస్త. రెండోసారి ధర్నాకు పోయినప్పుడు నేను తాతను అడిగిన, "ఈసారి మనను ఏమని రాయాలె తాతా?" అని. "ఎంత మందిమున్నమో లెక్కబెట్టు ముందుగాల" అన్నడు. ఆయనే నిలబడి వేలు చూపుకుంట లెక్కబెట్టిండు, పొద్దుగూకినంక దొడ్డి కాడ నిలబడ్డట్టే. ప్రెస్‌నోట్ల గట్లనే రాసిన: 62 మంది రైతులు, అందుల 19 మంది ఆడోళ్లు, 11 రోజుల సంది తడుస్తున్న వడ్లు. తెల్లారి అదే పేపర్ల చిన్నగ అచ్చయింది. మూక లేదు. 62 మంది రైతులు అనే ఉన్నది. రెండు రోజులకు కాంటా సుత మొదలయింది. పేపరు చూసి మొదలువెట్టిన్రో, వానలు తగ్గి మొదలువెట్టిన్రో నేను చెప్పలేను. తాత మాత్రం ఆ పేపరు ముక్క గొంగడి మడతల పెట్టుకున్నడు.